పైన పటారం, లోన ఏముంది?



ఒక తల్లి కూలి డబ్బులు తెచ్చింది. పరీక్షలు రాసే కూతురికి బలం కావాలనుకుంది. కొట్లో "ప్రొటీన్ బార్" అనే పొట్లం కొన్నది. పైన బాదం పప్పుల బొమ్మ ఉంది. కండలు తిరిగిన మనిషి బొమ్మ కూడా ఉంది. వెల 50 రూపాయలు. ఆ డబ్బు బలానికి పోయిందా? బొమ్మకు పోయిందా?

ప్రొటీన్లు అంటే మాంసకృత్తులు. అవి మాంసంలోనే ఉంటాయనుకోవద్దు. పప్పుల్లో, పల్లీల్లో, పాలలో, గుడ్లలో ఉంటాయి. పిల్లలు ఎదగడానికి, గాయాలు మానడానికి అవి కావాలి. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, 50 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 42 గ్రాములు కావాలి.

పొట్లం ముందువైపు బొమ్మ అమ్మేవాడి మాట. వెనకవైపు రాత చట్టం రాయించిన మాట. అందుకే పొట్లం తిప్పి చూడాలి. ఆ రాత ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉంటే చాలని చట్టం. తెలుగులో ఉండకపోవచ్చు. బడికెళ్ళే పిల్లల చేత చదివించండి. అంకెలు మాత్రం మీరు నేర్చుకున్నవే. మీరే చదవండి.

మొదట, దేనితో చేశారో చూడాలి. ఎక్కువ బరువు వేసిన సరుకు పేరు ముందు రాయాలి. తక్కువ వేసింది తరువాత రాయాలి. ఇది నియమం. మొదటి మూడు పేర్లు చూడండి. పల్లీలు, బాదం ఉన్నాయా? లేక చక్కెర, గ్లూకోజ్ సిరప్, పామాయిల్ ఉన్నాయా? గ్లూకోజ్ సిరప్ కూడా చక్కెరకు చుట్టమే.

తరువాత అంకెలు చూడాలి. అవి ఎక్కువగా 100 గ్రాములకు రాసినవి. ఆ తల్లి కొన్న పొట్లం 40 గ్రాములే. రాతలో ప్రొటీన్ 20 అని ఉంది. అంటే పొట్లంలో 8 గ్రాములు. చక్కెర 35 అని ఉంది. అంటే పొట్లంలో 14 గ్రాములు. దాదాపు మూడు చెంచాల చక్కెర!

మరి ఇంట్లో ఏముంది? గుప్పెడు పల్లీలు సుమారు 30 గ్రాములు. వాటిలో 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. వీటికి అన్ని డబ్బులు అక్కర్లేదు.

బార్ విషమేమీ కాదు. పల్లీలు ఎక్కువ, చక్కెర తక్కువ ఉన్నవీ దొరుకుతాయి. ప్రయాణంలో ఆకలికి పనికొస్తాయి. కానీ అవి పప్పన్నానికి బదులు కావు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆ రాత్రి కూతురు పేర్లు చదివింది. తల్లి లెక్క కట్టింది. మర్నాడు పల్లీలు వేయించి, గుడ్డు ఉడకబెట్టి పెట్టింది.

అక్కలారా! కొనేముందు పొట్లం తిప్పండి. అంకెలు చదవండి. నేర్చుకున్న చదువు మీ డబ్బును కాపాడుతుంది. మీ పిల్లల ఒంటినీ కాపాడుతుంది.