ఖాళీగా కనిపించే ఆ 20 రోజులు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బిల్డింగ్ కమిటీ తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. బి.ఎడ్. చేసి, ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నవాణ్ణి. అందుకని ఇదీ ఒక లెక్కల పాఠంలాగే ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

ముందు మన తప్పు చెప్పుకుందాం. బాలికల హాస్టల్ పైన రెండు గదులు, బడులు తెరిచే జూన్ 12 నాటికి సిద్ధం చేస్తామని మీకు మాటిచ్చాం. తలుపులు తీసింది అక్టోబరులో. డబ్బు చాలక కాదు, మీరు ఇచ్చారు. గది ఉందంటేనే ఉంచుతామన్న ముగ్గురు ఆడపిల్లల తల్లిదండ్రులు పెట్టెలతో సహా వెనక్కి తీసుకెళ్లారు. ఇద్దరు మరుసటేడు వచ్చి చేరారు. మూడో అమ్మాయి కోసం నేను రెండుసార్లు వాళ్ల ఊరు వెళ్లాను. రాలేదు.

అప్పుడు అందరం కలిసి మేస్త్రీని తిట్టాం. తరవాత పాత చీటీలు ముందేసుకుని లెక్క చూస్తే నాకు ఒక వింత కనిపించింది. ప్రతి ఒక్కరూ అవసరమైన దానికంటే ఎక్కువ రోజులే అడిగి తీసుకున్నారు. అయినా అందరూ ఆలస్యమే చేశారు. ఇదెలా?

దీనికి జవాబు ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఆయన రాసిన పుస్తకంలో దొరికింది. ఇజ్రాయెల్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త. 1997లో ‘క్రిటికల్ చైన్’ అని ఒక నవల రాశాడు. పనుల నిర్వహణ గురించి నవలేమిటని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. ఒక అధ్యాపకుడు క్లాసులో విద్యార్థులతో చర్చిస్తూ పోతుంటాడు, అందుకే నాకు ఎక్కింది.

ఆయన చెప్పేది మన గదుల లెక్కలోనే చూద్దాం. గోడలు, సెంట్రింగు-స్లాబు, ప్లాస్టరింగు, కరెంటు-నీళ్ల పైపులు: నాలుగు పనులు. ఒక్కో పనికి 20 రోజులు అడిగారనుకోండి. మొత్తం 80. నిజానికి అన్నీ సవ్యంగా సాగితే ఒక్కోటీ 10 రోజుల పని. మిగతా 10 ఎందుకు? వాన పడొచ్చు, ఇసుక లారీ రాకపోవచ్చు, కూలీల ఇంట్లో పెళ్లి పడొచ్చు. మాట పోతుందన్న భయంతో ముందే దాచుకున్న రోజులవి. అది తప్పు కాదు. కానీ దాచుకున్నవి ఎవరికీ ఉపయోగపడవు, అక్కడే చిక్కు.

20 రోజులున్నాయి కదా అని మొదటి వారం పని మొదలే కాదు. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరిచే పిల్లల్ని చూసి గోల్డ్‌రాట్ దీనికి ‘స్టూడెంట్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. మా పిల్లల పేరు పాడుచేశాడు గానీ, అబద్ధమైతే కాదు. ఇక ఎవరైనా 14 రోజుల్లోనే ముగించారనుకోండి, పైకి చెప్పరు. చెబితే వచ్చేసారి మనం 14 రోజులే ఇస్తామని వాళ్లకు తెలుసు. చెప్పినా లాభం లేదు, కరెంటు అతనికి మనం రమ్మన్నది 20వ రోజున. అలా మిగిలిన రోజులు గాలికి పోతాయి, ఆలస్యమైన రోజులు మాత్రం తరవాతి పని నెత్తిన పడతాయి.

మరేం చేయాలి? ఒక్కో పనికి 10 రోజులే రాయాలి. కోసిన 40 రోజుల్లో సగం, అంటే 20 రోజులు, మొత్తం పని చివర ఒకేచోట ఉంచాలి. దాన్ని బఫర్ అంటారు, నేను ఉమ్మడి నిల్వ అంటాను. 80 రోజుల పని 60కి వస్తుంది. స్లాబు పోశాక తడుపుతూ ఆగాల్సిన రోజులు వేరే లెక్క. అవి భయంతో దాచుకున్నవి కావు, సిమెంటు అడిగేవి. వాటి జోలికి ఎవరూ పోకూడదు.

నలభై తీసేసి ఇరవయ్యే పెడితే చాలుతుందా అని మన కోశాధికారి భాయ్‌సాబ్ నన్ను అడిగారు. మంచి ప్రశ్న. నాలుగిళ్లవాళ్లు చుట్టాలొస్తారేమోనని ఎవరింట్లో వాళ్లు మూడు కంచాల అన్నం ఎక్కువ వండుతారనుకోండి. పన్నెండు కంచాలు. నలుగురూ ఒకేచోట వండుకుంటే ఆరు చాలు. ఎందుకంటే నాలుగిళ్లకూ ఒకే పూట చుట్టాలు దిగడం అరుదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని అనుమానాలు కూడితే 4 రెట్లు పెరగవు, 4కి వర్గమూలమంత, అంటే 2 రెట్లే పెరుగుతాయి. తుపాను వస్తే నాలుగు పనులూ ఒకేసారి ఆగుతాయి, అప్పుడు ఈ లెక్క సాగదు. అదీ చెప్పాలి.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. ఆ వేసవిలోనే మనం ఖబరస్తాన్ ప్రహరీ కూడా కట్టించాం. కాగితం మీద దానికీ హాస్టల్‌కూ ఏ సంబంధమూ లేదు. కానీ రెండుచోట్లా మేస్త్రీ ఒక్కడే. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పనుల కోసం తయారైన క్రిటికల్ పాత్ పద్ధతి, ఏ పని తరవాత ఏ పని అన్నదాన్ని బట్టి అన్నిటికంటే పొడవైన దారిని చూపిస్తుంది. గోల్డ్‌రాట్ దానికి, ఏ పనికి ఏ మనిషి అన్నదీ కలిపి చూడమన్నాడు. అలా వచ్చే గొలుసే క్రిటికల్ చైన్. అంతకు ముందే తెలిసిన విషయాలకు ఆయన కొత్త పేరు పెట్టాడనేవాళ్లూ ఉన్నారు. ఉండనివ్వండి, మనకైతే తెలియలేదు కదా.

మేస్త్రీకి రెండు పనులు, చెరి 10 రోజులు. రోజు విడిచి రోజు ఇక్కడా అక్కడా చేస్తే ఒకటి 19వ రోజున, రెండోది 20వ రోజున అవుతాయి. ఒకటి ముగించి రెండోది పట్టుకుంటే మొదటిది 10వ రోజునే చేతికొస్తుంది, రెండోది అదే 20వ రోజున. ఎవరికీ నష్టం లేదు. “మాస్టారూ, అటు ప్రెసిడెంటుగారు పిలుస్తారు, ఇటు మీరు పిలుస్తారు, నేనెక్కడని చావను?” అని మేస్త్రీ అప్పుడే అన్నాడు. మనకు అది సాకులా వినిపించింది.

ఈసారి రెండో అంతస్తుకు కాగితం ఇలాగే వేశాం. ఇక్కడే మీతో పని. ఆ కాగితంలో చివరి 20 రోజులు ఏ పనీ లేకుండా కనిపిస్తాయి. ‘ఇవెందుకు, తీసేయండి, మే నెలాఖరుకే ఇచ్చేయండి’ అని ఎవరో ఒకరు అంటారు. తీసేస్తే మేస్త్రీ మళ్లీ తన రోజులు తను దాచుకుంటాడు, మనం మళ్లీ అక్టోబరుకు వెళ్తాం. అలాగే 10 రోజులు రాసిన పని 13 అయితే ఆ మనిషిని తిట్టొద్దు. 10 అనేది సగంసార్లు దాటిపోయే అంకె, తెలిసే వేశాం. ఆ 3 రోజులు నిల్వలోంచి తీసుకుంటాం. 8కే ముగిస్తే ఆ సాయంత్రమే తరవాతి మనిషికి ఫోను వెళ్తుంది, మిగిలిన 2 నిల్వలో పడతాయి.

డబ్బు కూడా ఒక పక్క గొలుసే. ఇనుము కొనే ముందు రోజు వాయిదా అందితే లాభం లేదు. అందుకే మీ వాయిదా తేదీని అవసరానికి 10 రోజులు ముందుకు జరిపాం. అదీ ఒక చిన్న నిల్వే. పోయినసారి రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. ఎవరివని అడగను, ఒకటి నాదే.

వారానికోసారి నేను సైటుకు వెళ్లి ‘ఎంతయింది?’ అని అడగను. అడిగితే అందరూ తొంభై శాతం అంటారు. ‘ఇంకా ఎన్ని రోజులు?’ అని అడుగుతాను. నిల్వను మూడు భాగాలు చేసి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేశాం. పచ్చలో ఉన్నంతకాలం ఎవరూ కంగారుపడొద్దు. పసుపులోకి వస్తే కమిటీ కూర్చుని ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుంటుంది. ఎరుపైతే అది చేసేయడమే. పని సగమైనా కాకముందే నిల్వ సగానికి పైగా ఖర్చయిందంటే మాత్రం ఏ రంగులో ఉన్నా నన్ను నిలదీయండి.

ఆ చార్టు హాస్టల్ గేటు పక్కన నోటీసు బోర్డు మీద ఉంటుంది. శుక్రవారం పొద్దున మారుస్తాను. జుమాకు వెళ్తూ చూడొచ్చు.