అడగకముందే లెక్క అప్పగించాలి



దేవాలయ ఆస్తిని చూచే వానికి మన పెద్దలు యజమాని అని పేరు పెట్టలేదు, ధర్మకర్త అన్నారు. ఆస్తి స్వామివారిది, సంరక్షణ మాత్రమే ఇతనిది. కార్యాలయంలోని అధికారికి, పాఠశాలలోని ఉపాధ్యాయునికి, ఆసుపత్రిలోని వైద్యునికి కూడా ఈ మాటే వర్తిస్తుంది. వారి చేతిలోని అధికారం సొంత సొత్తు కాదు. ప్రజలు నమ్మి అప్పగించినది.

అప్పగించిన దానిని ఎలా కాపాడాలో భరతుడు చూపినాడు. పదునాలుగు సంవత్సరాలు శ్రీరామ పాదుకలను ముందుంచుకొని, నందిగ్రామంలో నారచీరలు ధరించి రాజ్యభారం వహించినాడు. రాముడు తిరిగి వచ్చిన నాడు పాదుకలను అన్నగారి పాదాలకు తొడిగి ఊరకుండలేదు. కోశాగారాన్ని, ధాన్యాగారాన్ని, పురాన్ని, సైన్యాన్ని పరిశీలించవలసినదని ప్రార్థించినాడు. అన్నీ నీ తేజస్సు వలననే పదింతలైనవని విన్నవించినాడు. రాముడు లెక్క అడుగలేదు. అడగకముందే అప్పగించడం భరతుని ధర్మం.

ఇది త్రేతాయుగపు మాట, ఈ కాలంలో చెల్లుతుందా అని సందేహం కలుగవచ్చు. మన ప్రాంతపు చరిత్రలోనే సమాధానమున్నది. పాణ్యం అప్పుడు కర్నూలు జిల్లాలోని ఊరు. ఆ జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాలను ప్రభుత్వ రవాణా సంస్థ స్వాధీనం చేసుకొనే పథకం వచ్చింది. ఇతర జిల్లాలకంటె కర్నూలును ముందుకు తెచ్చింది రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికేనని బస్సు యజమానులు న్యాయస్థానంలో ప్రమాణపూర్వకంగా ఆరోపించినారు. నాటి ముఖ్యమంత్రి శ్రీ నీలం సంజీవరెడ్డి స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేసి ఆ ఆరోపణను ఖండించలేదు. 1964లో సుప్రీంకోర్టు ఆ లోపాన్ని ఎత్తిచూపి, ఆరోపణను అంగీకరించి, పథకాన్ని కొట్టివేసింది.

ఇందులో మొదటి పాఠం ఇది: పదవిలో ఉన్నవానికి మౌనం భూషణం కాదు. ప్రశ్న తన మనస్సును గూర్చినదైనప్పుడు క్రింది ఉద్యోగి చేత జవాబు చెప్పించరాదు, తానే చెప్పాలి.

రెండవ పాఠం అంతకంటె గొప్పది. పదవి విడువుమని తీర్పు ఆయనను ఆదేశించలేదు. అయినా ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినారు. పదమూడేండ్ల తరువాత, 1977లో, ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెసుకు పోగా, మిగిలిన ఒక్క నంద్యాల నుండి ఆయనే జనతా పక్షాన గెలిచినారు. ఆ సంవత్సరమే లోక్‌సభాపతియై, పిదప పోటీ లేకుండా రాష్ట్రపతియైనారు. రాజీనామాకు ఫలంగా ఈ పదవులు లభించినవని నేను చెప్పడం లేదు. బాధ్యత వహించి పదవి విడిచినంత మాత్రాన మనిషి చిన్నవాడు కాడని మాత్రమే చెప్పుచున్నాను.

హుండీని నలుగురి ఎదుట లెక్కించడం ఎవరినో అనుమానించి కాదు. లెక్కించే వాని నిజాయితీకి అదే రక్షణ. కాబట్టి లెక్క చూపుమన్న వానిని శత్రువుగా భావించకండి. మీ బల్లపై ఆగిన ప్రతి దస్త్రం వెనుక ఒక కుటుంబం వేచి ఉన్నదని గుర్తుంచుకొనండి. అప్పగించిన పనిని భరతునివలె తిరిగి అప్పగించగల బుద్ధిని శ్రీరామచంద్రుడు మనకందరికీ ప్రసాదించుగాక!

స్వస్తి.