లెక్క వాచీది, నడక మనది

 

యాభై దాటాం. బీపీ, షుగర్ల మాట మొదలయ్యాక మనలో చాలామంది చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ వచ్చింది. ఇంజనీరుగా దాని గురించి రెండు మాటలు.

వాచీ అడుగును చూడదు. అందులోని యాక్సెలరోమీటర్ చేతి ఊపును కొలిచి అంచనా కడుతుంది. పదివేల అడుగుల లెక్క కూడా వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పో-కెయ్’ అనే పరికరం పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. 2019లో అమెరికాలో వృద్ధ మహిళలపై వెలువడిన అధ్యయనంలో, రోజుకు సుమారు 4,400 అడుగులు వేసినవారిలోనే 2,700 వేసినవారికన్నా మరణాలు తక్కువ. 7,500 దగ్గర ఆ లాభం నిలిచిపోయింది.

2016లో జోర్డాన్ ఎట్కిన్ ప్రచురించిన ప్రయోగాలు ఇంకో సంగతి చెప్పాయి. లెక్క చూసుకుంటూ నడిచినవారు ఎక్కువే నడిచారు, కాని వారికి నడకలో ఆనందం తగ్గింది. ఆనందం లేని పని ఎన్నాళ్లు సాగుతుంది?

డ్రిల్లు పీరియడులో కబడ్డీ, ఖోఖో ఆడినప్పుడు మనం అడుగులు లెక్కపెట్టలేదు. గంట కొట్టినా మైదానం వదల్లేదు. అలవాటు పడేదాకా వాచీ సాయం తీసుకోండి, డాక్టరు అడిగితే లెక్క చూపండి. వారానికి రెండు రోజులైనా దాన్ని ఇంట్లో పెట్టి, ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని నడవండి. వజ్రోత్సవానికి అందరం మన కాళ్ల మీదే నడిచి రావాలి.