అమ్మమ్మ కోటు, కొత్త కోటు

లాస్ ఏంజెలెస్‌లో ఒకావిడ బీరువాలో అమ్మమ్మ ఇచ్చిన మింక్ బొచ్చు కోటు ఉందనుకోండి. అది నేరమా? కాదు. ఉంచుకోవచ్చు, వేసుకోవచ్చు.

కాలిఫోర్నియా నిషేధించింది కొత్త బొచ్చు దుస్తుల్ని. వాటిని అక్కడ తయారు చేయకూడదు, అమ్మకూడదు. 2019లో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేసిన ఈ చట్టం 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అమెరికాలో రాష్ట్రమంతటా ఇలా నిషేధించడం అదే మొదలు. ఇరుకు బోనుల్లో పుట్టి, ఆ బోనుల్లోనే ప్రాణం విడిచే మింకులకు ఈమాత్రం రక్షణ ఎప్పుడో దక్కాల్సింది.

తోలు చెప్పులకు, గొర్రెచర్మం కోట్లకు నిషేధం లేదు. మతాచారాల్లో వాడే బొచ్చుకూ మినహాయింపుంది.

మరి అమ్మమ్మ కోటు? అమ్ముకోవచ్చు. మళ్లీ చెబుతున్నాం, నిషేధం కొత్తవాటికే. పాతది అమ్మినవారు మాత్రం ఆ అమ్మకం వివరాలు రాసి, కనీసం ఏడాదిపాటు దాచి ఉంచాలి.