ఆక్సిజన్ ఆగితే ముందు జ్ఞాపకాల మీదే దెబ్బ ఎందుకు?

ఈ రోజు టాపిక్ మా ఇంట్లోదే.

మూడేళ్ల కింద మా పెద్ద మావయ్యకి గుండె ఆగింది. ఇంట్లోవాళ్లంతా కంగారుగా కారు కోసం పరిగెత్తాం. కొన్ని నిమిషాలపాటు ఎవరూ ఆయన ఛాతీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. అదృష్టం, బతికారు. నడుస్తారు, పేకాట ఆడతారు, నా చిన్నప్పటి సంగతులన్నీ చెప్తారు. కానీ నేను వెళ్తే పది నిమిషాలకోసారి "ఎప్పుడొచ్చావురా?" అని అడుగుతారు.

మెదడంతటికీ ఒకేసారి కదా ఆక్సిజన్ ఆగింది? మరి కొత్త జ్ఞాపకాలే ఎందుకు పోయాయి?

మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, కానీ వాడే ఆక్సిజన్ దాదాపు 20 శాతం. నిల్వ మాత్రం లేనట్టే. మెదడు కణాల్లో సోడియంని బయటికి తోడే పంపులుంటాయి, వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్లు తోడే మోటార్ లాగా. కరెంటు పోతే సెల్లార్ నిండిపోతుంది కదా? ఆక్సిజన్ ఆగితే ఇక్కడా అంతే. అప్పుడు గ్లూటమేట్ అనే రసాయనం పొంగి, పక్క కణాల గేట్లు తెరుస్తుంది. కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అది మితిమీరితే కణం చచ్చిపోతుంది.

హిప్పోకాంపస్‌లో సీఏ1 అనే చోట ఎన్ఎండీఏ అనే ఈ గేట్లు చాలా ఎక్కువ. ఎందుకంటే కొత్త విషయం గుర్తుపెట్టుకోవాలంటే కావాల్సింది ఆ గేట్లే. అంటే మనకి నేర్చుకునే శక్తి ఇచ్చేదే, ఆక్సిజన్ ఆగినప్పుడు దాని ప్రాణం తీస్తుంది. ఊపిరిని నడిపే మెదడు కాండం ఇంకాస్త ఎక్కువసేపు తట్టుకుంటుంది.

దీనికి పేరున్న కేసు ఒకటుంది. 1978లో అమెరికాలో ఆర్.బీ. అనే 52 ఏళ్ల పేషెంట్‌కి గుండె ఆపరేషన్ తర్వాత మెదడుకి రక్తం సరిగ్గా అందలేదు. తెలివితేటలు బాగానే ఉన్నాయి, కొత్తవి మాత్రం గుర్తుండేవి కావు. ఐదేళ్లకి చనిపోయాక మెదడుని పరీక్షిస్తే, ముఖ్యంగా దెబ్బతిన్నది రెండు వైపులా ఉన్న సీఏ1. 1986లో జోలా-మోర్గన్, స్క్వైర్, అమరాల్ ఈ వివరాలు ప్రచురించారు.

ఇప్పుడు అసలు విషయం. ఎవరైనా కుప్పకూలి, పిలిచినా పలక్క, ఊపిరి మామూలుగా తీసుకోకపోతే, 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఛాతీ మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. మీరు నొక్కే ప్రతిసారీ కొంచెం రక్తం మెదడుకి చేరుతుంది.

ఆ రోజు మా ఇంట్లో ఇది ఎవరికీ తెలీదు. బీటెక్ చదివిన నాకూ తెలీదు. మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఈ ఎపిసోడ్ పెట్టండి. ఉంటాను, బై.