ప్రశ్నను కూర్చోబెట్టవద్దు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకొనే వాళ్ళము. సంఖ్యా సిద్ధాంతంలో పరిశోధకులు జరుపుకొనే వర్క్‌షాపుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరితే ముందు జంకాము. ఆటోమార్ఫిక్ ఫారములు అన్న పేరే భయపెడుతుంది గదా! కాని పాత కట్టడాల జాలీ కిటికీ చూడండి. నగిషీని ఒక గడి పక్కకు జరిపినా అదే నగిషీ. అట్లాగే కొన్ని నిర్ణీత మార్పులు చేసినా, ఒక నియమం ప్రకారం తన రూపానికే తిరిగివచ్చే ప్రమేయాలివి.

1916లో శ్రీనివాస రామానుజన్ ఇటువంటి ఒక ప్రమేయాన్ని శ్రేణిగా విప్పి, అందులోని గుణకాలను పరిశీలించాడు. వాటికి టౌ అంకెలని పేరు. 2కు మైనస్ 24, 3కు 252, 6కు మైనస్ 6048. మొదటి రెంటినీ హెచ్చవేయండి, మూడవది వస్తుంది!

ఒక డిసెంబరు 22న, రామానుజన్ జయంతికి, మేము ఇవే అంకెలు నల్లబల్ల మీద వ్రాశాము. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సర్, రెండు రెళ్ళు నాలుగుకు కూడా ఇట్లాగే వస్తుందా?" అన్నది. మాకు తెలియదు. తెలియదని చెప్పలేక, "బైఠో బేటీ, సిలబస్‌లో లేదు" అన్నాము.

రాత్రి ఇంట్లో లెక్క కట్టి చూశాము. 24ను 24తో హెచ్చవేస్తే 576. కాని 4కు టౌ మైనస్ 1472. 576 లోంచి 2 యొక్క 11వ ఘాతం, అనగా 2048, తీసివేస్తే సరిగ్గా అదే! ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలకు ఒక సూత్రం, ముఫ్రద్ అదద్ యొక్క ఘాతాలకు వేరొక సూత్రం. రామానుజన్ గమనించిన రెండవ విషయం అదే. ఆ పిల్ల అడిగినదీ అదే.

ఈ రెండింటినీ 1917లో మోర్డెల్ నిరూపించాడు. టౌ అంకె ఎంత పెద్దది కాగలదో రామానుజన్ ఊహించిన హద్దు మాత్రం 1974లో డెలీన్ చేతిలో తేలింది. మాస్ అనే జర్మన్ పండితుడు 1949లో కనిపెట్టిన మరొక రకం ఫారములకు అదే ప్రశ్న నేటికీ తేలలేదు.

ఇంతకాలం ప్రశ్న బ్రతికి ఉండటానికి ఇటువంటి కూటములే ఆధారం. 1956లో, మళ్ళీ 1979లో, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో దేశదేశాల పండితులు కూడినారు. వర్క్‌షాపు అంటే తెలిసినది చెప్పడమొక్కటే కాదు. ఉపన్యాసం ముగిశాక నల్లబల్ల దగ్గర చేరి "నాకిక్కడ దారి దొరకలేదు" అని ఒప్పుకోవడం. అక్కడ దానివల్ల ఎవరి మర్యాదా పోదు.

మరునాడు ఆ అమ్మాయికి జవాబు చెబుదామనుకున్నాము. పాఠాల తొందరలో వాయిదా వేశాము. ఆ అమ్మాయి పదితో చదువు మానేసింది. మా వల్లనే అని అనము. కాని ఆ బాకీ మా మీద ఉన్నది.

కనుక మనవి. సంఘం హాలులో ఒక నల్లబల్ల పెట్టించండి. నెలకొక ఆదివారం పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, వచ్చి తమకు తోచిన ప్రశ్న వ్రాయనీ. జవాబు తెలియకపోతే తెలియదనే చెబుదాము. తరువాత కలిసి వెతుకుదాము. సుద్దముక్కలు మేము తెస్తాము.

సెలవు. ఖుదా హాఫిజ్.