పాత మారుతి 800కు ఇంటి మరమ్మతు

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతోంది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. పని నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి బండి లేదని నా నమ్మకం.

అందరూ ముందు ఇంజన్ చూస్తారు. నేనైతే తుప్పు చూడమంటాను. కాళ్లకింది మ్యాట్ ఎత్తి, రేకును స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖణేల్మంటే సరే. పొడి రాలుతూ లోపలికి పోతే వెల్డింగ్ తప్పదు. పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, అదేరోజు రెడాక్సైడ్ ప్రైమర్ పూయండి. మర్నాటికి వదిలితే తేమకు మళ్లీ తుప్పు పడుతుంది. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడిపోతే తుప్పు డోర్లను లోపల్నుంచే తినేస్తుంది. సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయండి.

ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ ఎలాగూ మార్చాల్సిందే. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొత్తది వేయించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, దయచేసి. స్టాండ్లు పెట్టాకే దిగండి.

అన్నట్టు, కొనేముందు ఆర్సీ గడువు చూసుకోండి. 15 ఏళ్లు దాటిన బండిని తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.